ఆకు చెప్పే ఆకలి

నాటు వేసి నెల కూడా తిరగదు. పచ్చగా ఉన్న మడిలో అక్కడక్కడా పైరు ఎర్రబారుతుంది. ఎదుగుదల ఆగిపోతుంది. చూడగానే ఎవరికైనా గుర్తొచ్చేది యూరియా బస్తానే! కానీ ఆ పైరు అడుగుతున్నది యూరియా కాకపోవచ్చు.

మెదక్ పట్టణం చుట్టుపక్కల వరి ఎక్కువ. ఏడుపాయల దగ్గర మంజీరా నదిపై 1905లో కట్టిన ఘనపురం ఆనకట్ట నుంచి మహబూబ్‌నహర్, ఫతేనహర్ కాల్వలు ఇక్కడి పొలాలకు నీళ్లిస్తాయి. అయితే ఎప్పుడూ నీళ్లు నిలిచే మడిలో ఓ చిక్కుంది. నేలలో జింకు ఉన్నా వేళ్లకు సరిగా అందదు. భాస్వరం ఎరువు ఎక్కువైనా, యాసంగిలో చలి ముదిరినా ఈ ఇబ్బంది పెరుగుతుంది. ఉత్తరాదిన తరాయి ప్రాంతపు వరిని పీడించిన ‘ఖైరా’కు కారణం జింకు లోపమేనని పంత్‌నగర్ శాస్త్రవేత్త వై.ఎల్. నెనె 1966లో తేల్చారు.

ఎలా పోల్చుకోవాలి?

నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో పైనుంచి మూడో, నాలుగో ఆకు మధ్య ఈనె పాలిపోతుంది. దానికి రెండు పక్కలా తుప్పు రంగు మచ్చలు వస్తాయి. ఆకు పెళుసుబారి, వంచితే చిటుక్కున విరుగుతుంది. పిలకలు తగ్గుతాయి. అప్పుడు లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, వారం లోపు తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేయాలి. ఇందులో పురుగుమందులు కలపకూడదు. ముందు జాగ్రత్తగా అయితే ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోలు వేస్తే సరి. భాస్వరం ఎరువుతో మాత్రం కలపొద్దు.

ముసలి ఆకా? లేత ఆకా?

మిగతా లోపాలకూ ఓ తేలిక గుర్తుంది. నత్రజని, పొటాష్ మొక్కలో ఒకచోటి నుంచి మరోచోటికి కదులుతాయి. కొరత వస్తే మొక్క ముసలి ఆకుల్లోంచి లాగి చిగురుకు పంపుతుంది. అందుకే కింది ఆకు మొత్తం పసుపెక్కితే నత్రజని, దాని అంచులు మాడితే పొటాష్ తక్కువని అనుమానించాలి. ఇనుము అలా కదలదు. కాబట్టి లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి, మధ్య భాగం పసుపెక్కుతుంది. పెరట్లోని కరివేపాకుకూ ఇదే లెక్క!

అలాగని ఆకు ఒక్కటే సాక్ష్యం కాదు. తెగులు వచ్చినా, వేరు కుళ్లినా ఆకు రంగు మారుతుంది. కోతలయ్యాక మట్టి పరీక్ష చేయించుకుంటే అసలు సంగతి తెలుస్తుంది. కేంద్రం 2015లో మొదలుపెట్టిన భూసార కార్డుల్లో జింకు, ఇనుము వివరాలూ ఉంటాయి. అక్కర్లేని ఎరువు వేస్తే డబ్బూ పోతుంది, పైరూ కోలుకోదు. ముందు ఆకును చూసి, ఆ తర్వాతే ఎరువుల దుకాణానికి వెళ్లడం మేలు.