మోవర్ బ్లేడుకు ఎంత పదును కావాలి?

మే నెల వచ్చేసరికి డాలస్ శివార్లలోనో అట్లాంటా పక్కనో కొత్తగా ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళ నుంచి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "నిన్ననే గడ్డి కోశామండీ. ఇవాళ చూస్తే లాన్ అంతా తెల్లటి పొర కమ్మినట్టుంది. నీళ్ళు చాల్లేదా? ఎరువు ఎక్కువైందా?"

నీళ్ళ గురించీ ఎరువు గురించీ ఆలోచించే ముందు లాన్‌లోకి వెళ్ళి, వంగి, ఒక్క పోచ తెంపి, కోత పడిన కొసను కంటికి దగ్గరగా పెట్టుకుని చూడండి. కోత అడ్డంగా, గీత గీసినట్టు తిన్నగా ఉంటే బ్లేడు తప్పేమీ లేదు, కారణం వేరేచోట వెతకాలి. కొస పీచుపీచుగా చీలి, ఆ పీచు ఎండి తెల్లగానో లేత గోధుమరంగులోనో కనిపిస్తే మాత్రం మీ మోవర్ గడ్డిని కోయలేదు, చింపింది. పోచపోచకీ మిగిలిన ఆ ఎండు పీచే దూరం నుంచి తెల్లటి పొరలా కనబడుతోంది.

ఇది అందచందాల సంగతి మాత్రమే కాదు. తిన్నగా తెగిన కొసలో గాయం చిన్నది, త్వరగా ఆరిపోతుంది. చిరిగిన కొసలో చీలిక ఆకు పొడుగునా కిందికి దిగుతుంది. అందులోంచి తేమ పోతుంది, మచ్చ తెగుళ్ళు తెచ్చే శిలీంధ్రాలకు లోపలికి దారి దొరుకుతుంది. జూలై ఎండలో, వారానికి ఇన్ని రోజులే నీళ్ళు పెట్టాలని ఊళ్ళో ఆంక్షలున్నప్పుడు, పోయే తేమ ప్రతి బొట్టూ లెక్కే. యంత్రానికీ భారమే. దట్టంగా పెరిగిన చోట ఇంజను మూలుగుతుంది. బ్యాటరీ మోవరైతే పెరడు సగంలో ఉండగానే చార్జింగు అయిపోతుంది.

మరి వంటింటి కత్తిలా నూరేయాలా? అక్కర్లేదు. అలా చేయకూడదు కూడా. చాలామంది పొరబడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకుందాం.

కొడవలితో కోసేటప్పుడు ఎడమచేత్తో గడ్డిని పిడికిట పట్టుకుంటాం, కుడిచేత్తో కొడవలిని మనవైపు లాగుతాం. గడ్డి ఎటూ తప్పుకోలేదు, పదునుకు ఎదురుగా నిలబడే ఉంటుంది. అందుకే చెయ్యి నెమ్మదిగా కదిలినా తెగుతుంది. మోవర్ కింద గడ్డిని ఎవరూ పట్టుకోరు. పోచకు ఉన్న ఆధారమల్లా కింద వేళ్ళు, తనకున్న కాస్త బిరుసు, కాస్త బరువు. అది వంగి తప్పుకునేలోపే దెబ్బ పడిపోవాలి. అందుకే అంత వేగం. 21 అంగుళాల బ్లేడు నిమిషానికి 3,000 సార్లు తిరుగుతోందంటే దాని కొస గంటకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో పోతోందన్నమాట. కోతలో పెద్ద వాటా ఆ వేగానిదే.

అదే వేగంతో ఆ వాదర పుల్లలకూ గులకరాళ్ళకూ చెట్ల వేళ్ళకూ తగులుతుంది. వెంట్రుక గీసేంత పలచగా నూరిన అంచు ఆ దెబ్బలకు నిలవదు. మొదటి కోతలోనే మడతపడుతుంది, లేదా పెచ్చులూడుతుంది. కాబట్టి మోవర్ బ్లేడుకు కావలసింది బలమైన, కాస్త మందంగా ఉన్న వాలు. చాలా బ్లేడ్లకు అది 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. బ్రెడ్డు మీద వెన్న రాసుకునే కత్తి అంచు ఎంత పదునుగా ఉంటుందో అంత చాలు. మెరుస్తూ, ఒకే తీరుగా, నొక్కులు లేకుండా ఉంటే అదే మంచి పదును.

గడ్డి మెత్తనిదే కదా, ఉక్కు ఎందుకు అరుగుతుంది? గడ్డి ఆకుల్లో సిలికా ఉంటుంది, ఇసుకలో ఉండే పదార్థమే. అంతకంటే ఎక్కువ అరుగుదల మట్టి వల్ల. బ్లేడు రేపే గాలి నేలమీది ఇసుకను కూడా పైకి లేపుతుంది, అది వాదరను రాస్తూ పోతుంది. టెక్సాస్‌లోనూ జార్జియాలోనూ చాలా ఇళ్ళ ముందుండే బెర్ముడా గడ్డి మన గరికే. వినాయక చవితి పూజకు కోసుకొచ్చే గరికే అక్కడ లాన్. దాన్ని అంగుళం, రెండంగుళాల ఎత్తుకు కురచగా కోస్తారు. బ్లేడు నేలకు దగ్గరగా తిరుగుతుంది, అందుకే త్వరగా మొద్దుబారుతుంది. ఉత్తరాది రాష్ట్రాల్లో ఫెస్క్యూ గడ్డిని మూడంగుళాలకు పైగా ఉంచుతారు కాబట్టి అక్కడ కొంచెం ఎక్కువ కాలం ఆగుతుంది. మొత్తం మీద 20 నుంచి 25 గంటల కోతకు ఒకసారి పదును పెట్టుకుంటే చాలు. మామూలు పెరడైతే సీజను మొదట్లో ఒకసారి, నడుమ ఒకసారి. రాయికో స్ప్రింక్లర్ తలకో ఠంగున తగిలితే మాత్రం గంటలు లెక్కపెట్టకుండా అప్పుడే విప్పి చూసుకోవాలి.

ఇక ఎలా అన్నది. బ్లేడు మీద చెయ్యి పెట్టకముందే స్పార్క్ ప్లగ్ తొడుగు లాగి, వైరును దూరంగా పెట్టండి. ఇంజను ఆఫ్ చేశాను కదా అనుకోవద్దు. ఈ ఇంజన్లలో నిప్పురవ్వకు బ్యాటరీ అక్కర్లేదు. ఫ్లైవీల్‌లో ఉన్న అయస్కాంతం కాయిల్ ముందు నుంచి పోతే రవ్వ పుడుతుంది. బ్లేడు ఆ ఫ్లైవీల్‌తో ఒకే ఇరుసు మీద ఉంది. అంటే బోల్టు విప్పబోయి మీరు చేత్తో బ్లేడు తిప్పితే ఇంజను తిప్పినట్టే. సిలిండర్‌లో కాస్త పెట్రోలు ఆవిరి మిగిలి ఉంటే అది ఒక్కసారి అంటుకుని బ్లేడును విసురుతుంది. హ్యాండిల్ వదిలితే 3 సెకన్లలో బ్లేడు ఆగాలని అమెరికాలో 1982 నుంచి నిబంధన ఉంది. అది మోవర్ తోస్తున్న మనిషి కోసం. పక్కకు వంచిన మోవర్ కింద చెయ్యి పెట్టినవాడిని కాపాడేది ఊడదీసిన ఆ వైరే. బ్యాటరీ మోవరైతే బ్యాటరీ, తాళం రెండూ తీసి ఇంకో గదిలో పెట్టండి.

పెట్రోలు అడుగంటినప్పుడు ఈ పని పెట్టుకోవడం మేలు. మోవర్‌ను పక్కకు వంచేటప్పుడు ఎయిర్ ఫిల్టర్, కార్బొరేటర్ ఉన్న వైపు పైకి రావాలి. అది కిందికొస్తే ఆయిల్ వెళ్ళి ఫిల్టర్‌ను తడిపేస్తుంది, తర్వాత స్టార్ట్ చేసినప్పుడు తెల్లటి పొగ కక్కుతుంది. కూర్చుని నడిపే పెద్ద మోవర్లను జాకీ మీద లేపి కిందికి దూరడం మాత్రం వద్దు. వాటి సంగతి మెకానిక్‌కు వదిలేయండి.

విప్పే ముందు ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి. బ్లేడు వెనక అంచు పైకి వంగి రెక్కలా ఉంటుంది. తిరిగేటప్పుడు గాలిని పైకి లాగి, పడుకున్న పోచల్ని నిలబెట్టేది ఆ రెక్కే. తిరిగి బిగించేటప్పుడు అది డెక్కు వైపు, అంటే బ్లేడును పైనుంచి కప్పే గుల్ల వైపు ఉండాలి. తలకిందులుగా బిగిస్తే కొత్త పదునంతా వెనకపడి, మొండి వైపుతో గడ్డిని బాదుతుంది. ఫొటో ఉంటే ఆ పొరపాటుకు తావు లేదు.

మందపాటి తోలు గ్లవ్స్ వేసుకుని, బ్లేడు తిరగకుండా డెక్కుకూ బ్లేడుకూ మధ్య ఒక చెక్క దుంగ అడ్డం పెట్టి, పానాతో బోల్టు ఎడమకు తిప్పండి. తుప్పు పట్టి కదలకపోతే తుప్పు వదిలించే నూనె కొట్టి కాసేపు ఆగండి. బలమంతా పెట్టి లాగేటప్పుడు పానా జారితే పిడికిలి ఎటు పోతుందో ముందే చూసుకుని నిలబడండి. ఊడిన బ్లేడుకు అంటుకున్న గడ్డి పెళ్ళను గీకి, ఇనప బ్రష్షుతో రుద్దండి. డెక్కు లోపల పేరుకున్నదీ అప్పుడే గీకేస్తే గాలి సరిగ్గా ఆడుతుంది.

ఇప్పుడు ఆకురాయి. పది అంగుళాల బల్లపరుపు ఆకురాయి, గాట్లన్నీ ఒకే దిశలో ఉన్నది, హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది. గ్రైండర్ ఉన్నవాళ్ళు దాని వైపే మొగ్గుతారు, పని త్వరగా అవుతుందని. ఇంటి పనికి నేను ఆకురాయికే ఓటు వేస్తాను. గ్రైండర్ కింద అంచు క్షణాల్లో కాగిపోతుంది. ఉక్కు మీద నీలం రంగు తేలిందంటే అక్కడ సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలిందని అర్థం. ఫ్యాక్టరీలో పట్టించిన గట్టిదనం ఆ మేర పోయింది, ఎంత నూరినా అక్కడ పదును నిలవదు. గ్రైండరే వాడాలనుకుంటే రక్షణ కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క విసురుకూ బ్లేడును నీళ్ళలో ముంచుతూ, చేత్తో పట్టుకోలేనంత వేడెక్కకుండా చూసుకోవాలి.

బ్లేడును వైస్‌లో కదలకుండా బిగించండి. వాలున్న భాగం, అంటే రెండు కొసల్లో రెండు మూడంగుళాల మేర, నల్ల మార్కర్‌తో రంగు వేయండి. పాత వాలు మీద ఆకురాయిని ఆనించి, కుడిచేత్తో పిడి, ఎడమచేత్తో కొస పట్టుకుని ముందుకు తోయండి, తోస్తూనే కాస్త పక్కకు జరపండి. రెండు మూడు సార్లు తోశాక ఆగి చూడండి. నలుపు వాదర దగ్గర మాత్రమే పోయిందా? చేతిని పైకెత్తి పట్టారన్నమాట. వెనకవైపు మాత్రమే పోయిందా? మరీ వాల్చి పట్టారు. వెడల్పంతా సమంగా పోతే పాత వాలు దొరికినట్టే. అక్కడినుంచి చెయ్యి దానంతటదే అదే దారిలో పోతుంది.

ఆకురాయి పళ్ళు ముందుకు వాలి ఉంటాయి కాబట్టి ముందుకు పోయేటప్పుడే తెగుతుంది. వెనక్కి లాగేటప్పుడు ఎత్తి తేవాలి. రుద్దుతూ వెనక్కి లాగితే ఆకురాయి పళ్ళే అరిగిపోతాయి. రజను గాట్లలో ఇరుక్కుని జారుతుంటే, దులిపి కాస్త సుద్ద రాయండి. ఒక వైపు ఎన్నిసార్లు తోశారో లెక్క గుర్తు పెట్టుకుని రెండో వైపూ అన్నేసార్లు తోయండి. చిన్న చిన్న నొక్కులు మిగిలిపోయినా పరవాలేదు. వాటిని పూర్తిగా పోగొట్టాలని పట్టుబడితే బ్లేడు సగం అరిగిపోతుంది.

ఎప్పుడు ఆపాలి? బ్లేడు అడుగు వైపు, చదునుగా ఉన్న భాగం నుంచి బయటికి, వేలికొనను తేలిగ్గా జారనివ్వండి. వాదర వెంబడి ఎప్పుడూ కాదు, అడ్డంగానే. అంచు దాటేచోట సన్నటి గరుకు తగులుతుంది. పైనుంచి తోసిన లోహం అటు మడుచుకుంది, అంటే వాలు అంచు దాకా చేరింది. అడుగు వైపు ఆకురాయిని పడుకోబెట్టి ఒకటి రెండు సార్లు తేలిగ్గా తోస్తే ఆ గరుకు పోతుంది. అంతకు మించి అడుగు వైపు ముట్టుకోవద్దు.

పదును పెట్టేశాం కదా అని వెంటనే బిగించేయకండి. నా లెక్కలో ఈ పనిలో సగం ఇంకా మిగిలే ఉంది, బరువు సరిచూడటం. బ్లేడు ఒక కొసన రెండోదాని కన్నా 10 గ్రాములు ఎక్కువ ఉందనుకుందాం. చేతిలో పట్టుకుంటే తెలియను కూడా తెలియదు. ఇరుసు నుంచి పాతిక సెంటీమీటర్ల దూరంలో, నిమిషానికి 3,000 చుట్ల వేగంతో ఆ 10 గ్రాములు ఇరుసును సుమారు 25 కిలోల బరువంత బలంతో బయటికి లాగుతాయి, అదీ సెకనుకు 50 సార్లు దిక్కు మార్చుకుంటూ. హ్యాండిల్ పట్టుకున్న చేతులు తిమ్మిరెక్కడం దానివల్లే. బేరింగులు, ఆయిల్ సీళ్ళు, చివరికి ఇరుసు కూడా దానివల్లే దెబ్బతింటాయి. మొద్దు బ్లేడు గడ్డిని పాడుచేస్తుంది, తూకం తప్పిన బ్లేడు యంత్రాన్నే పాడుచేస్తుంది.

గోడకు ఒక మేకు కొట్టి నడిమి బెజ్జంతో బ్లేడును దానికి తగిలించండి. ఏ కొస కిందికి దిగితే అది బరువు. దానికి గుర్తు పెట్టి, బ్లేడును తీసి ముందు వెనకలు మార్చి మళ్ళీ తగిలించండి. గుర్తున్న కొసే మళ్ళీ దిగితే సందేహం లేదు. ఆ కొస వాలు మీద ఇంకొన్నిసార్లు ఆకురాయి పట్టి మళ్ళీ చూడండి. పదును పెట్టిన చోటే తీయాలి, పలచటి రెక్కను అరగదీయకూడదు. రెండు కొసలూ సమంగా నిలిచేదాకా ఓపిక పట్టండి. బెజ్జం నక్షత్రం ఆకారంలో ఉన్న బ్లేడ్లకు శంకు ఆకారపు చిన్న పరికరం చవగ్గానే దొరుకుతుంది, మేకు కంటే అదే నయం.

బిగించేటప్పుడు వాషర్లు విప్పిన వరసలోనే వేసి, మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు టార్క్ పానాతో బిగించండి. కోతల మధ్య ఆగకూడదనుకునేవాళ్ళు ఇంకో బ్లేడు కొని పెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి మార్చుకోవచ్చు.

ఇదంతా అడ్డంగా తిరిగే బ్లేడున్న మోవర్ల సంగతి. హైదరాబాద్ విల్లాల్లో వాడే కరెంటు మోవర్లకూ ఇదే వర్తిస్తుంది. చేత్తో తోసే సిలిండర్ మోవర్ వేరు. ఇంగ్లండులో స్ట్రౌడ్ ఊరివాడైన ఎడ్విన్ బడ్డింగ్ 1830లో పేటెంటు తీసుకున్నది ఆ రకానికే. ఉన్నిబట్ట మీద నూగు కత్తిరించే మిల్లు యంత్రం ఆయనకు ఆ ఆలోచన ఇచ్చింది. అందులో వంపు తిరిగిన బ్లేడ్లు కింది స్థిరమైన బ్లేడును రాసుకుంటూ కోస్తాయి. వాటిని ఆకురాయితో ఒక్కొక్కటీ అరగదీయకూడదు. నూరే ముద్ద పూసి సిలిండర్‌ను వెనక్కి తిప్పుతారు. రోబో మోవర్ల చిన్న బ్లేడ్లకు పదును పెట్టే పనే లేదు, మార్చేయడమే.

కొన్ని మామూలు బ్లేడ్లకూ పదును పనికిరాదు. వంగిన బ్లేడును సుత్తితో తిన్నగా చేయకండి. రెక్క మొదట్లో ఇసుక రాపిడికి ఉక్కు కాగితంలా పలచబడినా, ఎక్కడైనా సన్నటి బీట కనిపించినా, వెల్డింగు చేయించే ఆలోచన కూడా వద్దు. ఆ వేగంలో ముక్క ఊడితే అది ఎవరికి తగులుతుందో చెప్పలేం. కొత్త బ్లేడు ఖరీదు మరీ ఎక్కువేం కాదు. పాతదాన్ని అట్టముక్కలో చుట్టి, టేపు వేసి, పైన బ్లేడు అని పెద్ద అక్షరాలతో రాసి పాత ఇనుముకు వేయండి. దాన్ని ఎత్తేవాళ్ళ చేతులకు గ్లవ్స్ ఉండకపోవచ్చు.