బాలింత వేసుకునే మాత్ర - బిడ్డ తాగే పాలు

పాలిచ్చే తల్లి విటమిన్ మాత్రలు వేసుకోవచ్చునా? ఈ ప్రశ్నకు మన ఇండ్లలో రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. “పచ్చి బాలింత, వేడి చేస్తుంది, వద్దు” అనేవారు కొందరు. “విటమినే కదా, ఎంత వేసుకుంటే అంత బలం” అనేవారు మరికొందరు. శాస్త్రం ఈ రెండింటినీ అంగీకరించదు. ఏ విటమిన్, ఎంత మోతాదు అన్నదే అసలు ప్రశ్న.

కొన్ని విటమిన్లు తల్లి ఒంట్లో తగ్గితే పాలలోనూ తగ్గిపోతాయి. బి1, బి12, ఎ ఇటువంటివి. ఇందుకు మన కోస్తా జిల్లాల చరిత్రే సాక్ష్యం. 20వ శతాబ్దపు తొలి దశకాల్లో, మరపట్టిన తెల్లబియ్యం వండి గంజి వార్చేసే ఇళ్ళలో బెరిబెరి వ్యాధి ఉండేది. తల్లి పైకి బాగానే కనిపించేది. కాని బి1 లేని ఆ పాలు తాగిన రెండు మూడు నెలల పసికందు గుండె దెబ్బతిని హఠాత్తుగా కన్నుమూసేది. అలాగే, మాంసం, గుడ్లు ముట్టక పాలు, పెరుగు కూడా అంతంతమాత్రంగా తీసుకునే తల్లికి బి12 లోపిస్తే, బిడ్డకు రక్తహీనత, వణుకు వస్తాయి, ఎదుగుదల కుంటుపడుతుంది. అటువంటి తల్లికి డాక్టరు రాసిన మాత్ర బిడ్డకు కూడా రక్షే.

ఇనుము సంగతి వేరు. తల్లి మాత్ర వేసుకున్నా పాలలో ఇనుము పెద్దగా పెరగదు. అయినా కాన్పులో పోయిన రక్తం తిరిగి పట్టాలి గనుక, కాన్పయ్యాక 180 రోజులు రోజూ 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న మాత్ర వేసుకోమని మన ప్రభుత్వ పథకం చెబుతోంది.

తల్లి మామూలు మోతాదులో డి విటమిన్ వేసుకున్నా బిడ్డకు చాలినంత పాలలోకి రాదు. అందుకే పిల్లల డాక్టర్లు బిడ్డకే నేరుగా రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయిస్తారు.

ఇక జాగ్రత్త. ఎ, డి కొవ్వులో కరిగి ఒంట్లో నిలవ ఉంటాయి. అతిగా పడితే హాని చేస్తాయి. ఎ విటమిన్ మాత్రలు, టానిక్కుల ద్వారా రోజుకు 10,000 యూనిట్లు దాటరాదు. నీటిలో కరిగే బి6 కూడా పెద్ద మోతాదులో చాలాకాలం వాడితే నరాలు దెబ్బతింటాయి. ఒక టానిక్కు, ఒక మాత్ర, ఒక పొడి మూడూ కలిపి వాడేవారు, అన్నిట్లోనూ అదే విటమిన్ ఉందేమో చీటీ చదివి చూసుకోవాలి.

పత్యం పేరిట పప్పు, ఆకుకూర, గుడ్డు మాన్పించి, ఆ లోటును మందుల షాపులో కొనడం వివేకం కాదు. ముందు కంచం నిండాలి. ఆ పైన అవసరమైన మాత్రను, అవసరమైనంతే, భయం లేకుండా వేసుకోవచ్చు.