మైక్రోకంట్రోలర్ పిన్నుల దూరనియంత్రణ: వెబ్ సర్వర్‌లో అభ్యర్థనల స్వరూపం

1. ఉపోద్ఘాతం

దీపం, పంపు వంటి పరికరాలను దూరం నుంచి నడిపే ప్రాజెక్టులలో వైఫై గల మైక్రోకంట్రోలర్లు విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. ఎస్‌ప్రెస్సిఫ్ సంస్థ రూపొందించిన ఈఎస్‌పీ8266 చిప్ 2014లో చవక మాడ్యూళ్ల రూపంలో ప్రచారంలోకి వచ్చింది. ఈఎస్‌పీ32 2016లో వెలువడింది. వీటితో పిన్ను స్థితిని మార్చడం సులభం. అయితే ఏ అభ్యర్థనకు ఆ స్థితి మారాలన్న నిర్ణయంపైనే నియంత్రణ విశ్వసనీయత ఆధారపడుతుంది. ఈ అంశాన్ని వివరించడమే వ్యాసోద్దేశం.

2. పనిచేసే విధానం

చిప్ వైఫై రూటరుతో అనుసంధానమై ఐపీ చిరునామాను పొందుతుంది. అందులోని సర్వర్ ప్రోగ్రామ్ సాధారణంగా 80వ పోర్టు వద్ద అభ్యర్థన కోసం వేచి ఉంటుంది. బ్రౌజరు పంపే హెచ్‌టీటీపీ అభ్యర్థన తొలి పంక్తిలో పద్ధతి, మార్గం ఉంటాయి. వాటిని బట్టి ప్రోగ్రామ్ సంబంధిత పిన్నును 3.3 వోల్టుల స్థాయికి గాని, సున్నా స్థాయికి గాని మారుస్తుంది. ఈఎస్‌పీ8266 పిన్ను గరిష్ఠంగా 12 మిల్లీఆంపియర్లే ఇవ్వగలదు. కనుక పంపు వంటి పరికరానికి ట్రాన్సిస్టరు, రిలే తప్పనిసరి.

3. గెట్, పోస్ట్ పద్ధతుల భేదం

ప్రారంభ పాఠాలలో తరచుగా '/పంపు/ఆన్' వంటి లింకును గెట్ పద్ధతిలో తెరవగానే పిన్ను మారేలా ప్రోగ్రామ్ రాస్తారు. కాని హెచ్‌టీటీపీ ప్రమాణం ప్రకారం గెట్ సమాచారాన్ని చదవడానికే ఉద్దేశించినది. 2022లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 9110 కూడా దానిని సురక్షిత పద్ధతిగానే పేర్కొంది. అందుకే బ్రౌజర్లు, ఇతర సాఫ్ట్‌వేర్లు గెట్ లింకులను ముందుగానే తెరవడానికి సంకోచించవు. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ ఇలా లింకులను ముందుగా తెరవడంతో కొన్ని వెబ్ అనువర్తనాలలో 'తొలగించు' లింకులు వాటంతట అవే అమలయ్యాయి. అదే లింకు వెనుక పంపు ఉంటే మనిషి ప్రమేయం లేకుండానే అది నడుస్తుంది. కనుక స్థితిని చూపడానికి గెట్, మార్చడానికి పోస్ట్ వాడటం ఉచితం.

4. ఆదేశ రూపం

'స్థితిని తిప్పు' అనే ఆదేశం కన్నా 'ఆన్ చేయి', 'ఆఫ్ చేయి' అనే స్పష్టమైన ఆదేశాలు మేలు. సర్వర్ సమాధానం దారిలో పోతే వినియోగదారు మళ్లీ బటన్ నొక్కుతాడు. మొదటి రూపంలో అప్పటికే నడుస్తున్న పంపు ఆగిపోతుంది. రెండవ రూపంలో స్థితి చెదరదు.

5. భద్రత

చిప్ పునఃప్రారంభమయ్యేటప్పుడు కొన్ని పిన్నులు క్షణకాలం అధిక స్థాయికి చేరవచ్చు. ఈఎస్‌పీ8266లో 0, 2, 15 సంఖ్యల జీపీఐఓ పిన్నుల స్థాయిలే చిప్ ప్రారంభ విధానాన్ని నిర్ణయిస్తాయి. కనుక రిలేకు ఇతర పిన్నులను పరీక్షించి ఎంచుకోవాలి. నెట్‌వర్క్ తెగినా నిర్ణీత సమయానికి పంపు ఆగేలా గడువును చిప్‌లోనే ఉంచాలి. సాధారణ హెచ్‌టీటీపీలో సంకేతపదం గుప్తీకరణ లేకుండానే ప్రయాణిస్తుంది. కనుక ఇటువంటి సర్వర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవరాదు.

6. ముగింపు

వెబ్ పుటలో పొరపాటు జరిగితే పుటను సరిదిద్దవచ్చు. పిన్ను వెనుక యంత్రం ఉన్నప్పుడు ఫలితం భౌతిక ప్రపంచంలో కనిపిస్తుంది. కనుక ప్రయోగశాలలో దీపం వెలగడంతోనే ప్రాజెక్టు పూర్తయినట్లు కాదు. అభ్యర్థన రెండుసార్లు వచ్చినా, అసలు రాకపోయినా పరికరం సురక్షిత స్థితిలోనే ఉంటుందని పరీక్షించి చూడటం మూల్యాంకనంలో భాగం కావాలి.