వెబ్ అప్లికేషన్ల నిర్మాణం: ఫ్రేమ్‌వర్కులు, స్టార్టర్ కిట్లు

మా కళాశాల గ్రంథాలయంలో ఉర్దూ పుస్తకాలు, తెలుగు పుస్తకాలు పక్కపక్క బీరువాలలో ఉన్నవి. వాటి పట్టికను కంప్యూటరుకెక్కించి, ఏ పుస్తకం ఎవరి వద్ద ఉన్నదో ఇంటినుండియే తెలుసుకొనే వీలు కల్పించాలని గత సంవత్సరం మేము కొందరం పూనుకొన్నాము. పని మొదలిడక ముందే ఒక సందేహం ఎదురైనది: దీనిని దేనితో కట్టాలి? ఆ సందేహ నివృత్తికై మేము చదివినది, చేసి చూసినది, చేసి చెడినది సోదర విద్యార్థులకు తెలుపుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా రెండు మాటలకు గల భేదం గ్రహించాలి. ఫ్రేమ్‌వర్కు అనగా చట్రం. వినియోగదారుని అభ్యర్థనను స్వీకరించుట, దానిని తగిన భాగానికి పంపుట, డేటాబేసునుండి సమాచారం తెచ్చుట, పేజీని కూర్చి తిరిగి పంపుట - ఇవి ప్రతి అప్లికేషనులోనూ ఉండే పనులే. వాటిని చట్రం నిర్వహిస్తుంది. మనం వ్రాసిన భాగాలను అవసరమైనపుడు అదే పిలుచుకొంటుంది. స్టార్టర్ కిట్ వేరు. ఒక చట్రంపై ఎవరో ముందే కట్టియుంచిన నమూనా అది. లాగిన్, రిజిస్ట్రేషన్, మరచిన పాస్‌వర్డు మార్చుకొనుట, పేజీల అలంకరణ అందులో సిద్ధంగా ఉంటాయి. దానిని నకలు చేసికొని మన పని ప్రారంభిస్తాము.

ఈ నకలులోనే అసలు చిక్కు ఉన్నది. చట్రంలో భద్రతాలోపం బయటపడితే దాని కర్తలు సవరించి కొత్త వెర్షను విడుదల చేస్తారు. మనం ఆ వెర్షనుకు మారితే చాలును. కిట్ నుండి వచ్చిన ఫైళ్లు మాత్రం ఆ క్షణంనుండి మనవే. మూలంలో సవరణ జరిగినా మన నకలుకు అది దానంతట అది రాదు. అద్దె ఇంటి పైకప్పు కారితే యజమానికి చెప్పవచ్చును. సొంత ఇంటి పైకప్పును మనమే బాగుచేసుకోవాలి.

చట్రాలలో జాంగో జన్మవృత్తాంతం ఆసక్తికరం. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, లారెన్స్ అనే ఊరి వార్తాపత్రిక కార్యాలయంలో 2003లో ఏడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ అనువారు దీనికి శ్రీకారం చుట్టారు. 2005లో లోకానికి విడుదలైనది. పత్రికలో పని గడువులోగా ముగియాలి. సమాచారం ఎక్కించేవారందరూ ప్రోగ్రామర్లు కారు. అందుచేతనే కాబోలు, పట్టికల స్వరూపం చెప్పి నమోదు చేస్తే చాలు, సమాచారం చేర్చుటకు, సవరించుటకు తగిన నిర్వాహక పేజీలను జాంగో తానే సమకూర్చుతుంది.

రూబీ ఆన్ రెయిల్స్‌ను డేవిడ్ హైనెమైయర్ హాన్సన్ బేస్‌క్యాంప్ అనే అప్లికేషనునుండి వేరుచేసి 2004లో వెలువరించారు. ఏర్పడిన ఆచారాలను పాటిస్తే ప్రతిదానికీ వేరుగా ఆజ్ఞలు వ్రాయనక్కరలేదన్నది దాని సూత్రం. ఆచారం తెలిసినవారికి వేగం. తెలియనివారికి, మా అనుభవంలో, అంతా ఇంద్రజాలమే. పి.హెచ్.పి. భాషలో టేలర్ ఆట్‌వెల్ 2011లో తెచ్చిన లారవెల్ కూడ బహుళ ప్రచారంలో ఉన్నది.

కిట్ల ఆయుష్షు చట్రాలంత కాదు. రియాక్ట్ నేర్చుకొనేవారికి 2016నుండి మొదటి మెట్టుగా ఉన్న క్రియేట్ రియాక్ట్ యాప్‌ను 2025 ఫిబ్రవరిలో విరమింపజేశారు. అదే నెలలో లారవెల్ 12 కొత్త కిట్లతో వచ్చినది. పాత కిట్లయిన బ్రీజ్, జెట్‌స్ట్రీమ్‌లకు ఇక కొత్త చేర్పులుండవని ప్రకటించారు. రియాక్ట్, లారవెల్ మాత్రం కొనసాగుతున్నవి.

ఇక మా సంగతి. చూపునకు ఇంపుగా ఉన్న ఒక కిట్‌ను (దాని పేరు ఇక్కడ అనవసరం) తొందరపడి స్వీకరించాము. ఒక్క రోజులో లాగిన్ పేజీ సిద్ధమైనది. పొంగిపోయి అధ్యాపకులందరికీ చూపించాము. రెండవ వారంలో ఉర్దూ పుస్తకాల పేర్లు ఎక్కించగా అసలు సంగతి తెలిసినది. అక్షరమాల ఎడమనుండి కుడికే నడుస్తుందన్న నమ్మకంతో ఆ కిట్‌ను కట్టారు. ఎడమ అంచు, ఎడమ ఖాళీ అని వందలాది చోట్ల స్థిరంగా వ్రాసియున్నది. పేరు చివరనుండవలసిన సంపుటి సంఖ్య మరొక కొసకు పోయినది. పంక్తి ఎత్తు చాలక నస్తాలీఖ్ అక్షరాల తలలు తెగినవి. తెలుగు వత్తులకూ అదే గతి. మా గ్రంథపాలకులు కళ్లద్దాలు సవరించుకొని చాలసేపు చూసి, "ఇది ఏ పుస్తకం బాబూ?" అని అడిగారు. ఆ పుస్తకాన్ని ఏళ్ల తరబడి తమ చేతులతో అందించినవారు ఆయన. మేము జవాబు చెప్పలేకపోయాము.

కిట్‌ను విడిచి జాంగోతో మళ్లీ మొదలుపెట్టాము. దాని భాషల జాబితాలో తెలుగు, ఉర్దూ రెండూ కలవు. ఉర్దూ కుడినుండి ఎడమకు నడిచే భాషయని అందులోనే గుర్తించియున్నారు. ఉర్దూ ఎన్నుకొనగానే నిర్వాహక పేజీ దిశ మారినది. లాగిన్ వ్యవస్థ చట్రంలోనే ఉన్నది. మా పేజీలలో ఎడమ, కుడి అనుటకు బదులు ఆరంభం, అంతం అని అంచులు నిర్దేశించాము. పంక్తి ఎత్తు పెంచాము. జాంగోయే అన్నిటికన్న శ్రేష్ఠమని మా వాదం కాదు. క్షణక్షణం తెరపై సమాచారం మారవలసిన సంభాషణా యంత్రం వంటిది కట్టువారికి రియాక్ట్ వంటి సాధనమే అనుకూలించును.

మూడు వారాల శ్రమ వృథా అయినది. తెలుగు పుస్తకాల పట్టిక పూర్తయినది. ఉర్దూ పట్టిక సగంలో ఉన్నది. ఒక్కొక్క పేరును గ్రంథపాలకులు తెరపై చదివి సరేనన్న తరువాతనే మేము తదుపరి పుస్తకం చేతికి తీసుకొంటున్నాము.