దస్తూరి చెప్పిందీ, దూత చెప్పిందీ

ప్రసిద్ధుల చేతిరాత ఉత్తరాలు సేకరించేవారు రెండు రకాలు. దస్తూరిని దాచుకునేవారు కొందరు, సాక్ష్యాన్ని కూర్చేవారు కొందరు. మొదటివారికి డబ్బుంటే చాలు. రెండవవారికి చారిత్రక దృష్టి ఉండాలి. ఈ తేడాను బ్రిటిష్ సైనికాధికారి చార్లెస్ జార్జ్ గోర్డన్ కాగితాలు స్పష్టంగా చూపిస్తాయి.

గోర్డన్ 1833లో పుట్టాడు. చైనాలో తైపింగ్ తిరుగుబాటును అణచడంలో పాల్గొన్నాడు. తర్వాత సుడాన్‌కు గవర్నర్ జనరల్ అయ్యాడు. ఎక్కడున్నా అక్క అగస్టాకు విరివిగా ఉత్తరాలు రాసేవాడు. 1885 జనవరి 26న మహదీ సేనలు ఖార్టూమ్ నగరాన్ని పట్టుకున్నప్పుడు హతుడయ్యాడు. బ్రిటిష్ సామ్రాజ్యం అతణ్ణి అమరవీరుణ్ణి చేసింది. అక్కకు రాసిన ఉత్తరాలు 1888లో పుస్తకంగా వచ్చాయి. అతని చేవ్రాలున్న కాగితం ఆరాధ్యవస్తువైంది.

అయితే ఆ కాగితం నిజమే చెబుతుందా?

1884 డిసెంబరు 14 నాటి సంగతి చూడండి. ముట్టడి మొదలై తొమ్మిది నెలలైంది. ఆనాడు గోర్డన్ తపాలా బిళ్ళంత కాగితం ముక్క మీద ఖార్టూమ్ క్షేమమని రాసి, సంతకం చేసి, దూత చేతికిచ్చాడు. అదే రోజు తన దినచర్యలో, పది రోజుల్లో సహాయసేన రాకపోతే నగరం పడిపోవచ్చునని రాశాడు. ఒకే చెయ్యి, ఒకే తేదీ, రెండు విరుద్ధమైన మాటలు!

ఇందులో వైరుధ్యం పైకి కనిపించేదే. దూత దారిలో పట్టుబడితే చీటీ శత్రువును తప్పుదారి పట్టించాలి. అసలు కబురు దూత నోట ఉంది: తిండి కొద్దిగానే ఉంది, త్వరగా రండి. సేనాపతి వూల్జ్‌లీ ఆ మాటలను పైవారికి నివేదించాడు కనుకనే అవి మనకు దక్కాయి. సహాయ నౌకలు జనవరి 28న ఖార్టూమ్ చేరాయి. అప్పటికి నగరం పడిపోయి రెండు రోజులైంది.

ఆ చీటీ ఒక్కదాన్నే అద్దాల పెట్టెలో పెట్టుకున్నవాడి దగ్గర ఉన్నది సొంత దస్తూరిలోని అబద్ధం. దినచర్యనూ దూత మాటనూ పక్కన పెట్టి చదివినప్పుడే అది చరిత్ర అవుతుంది. ప్రాణాలకు తెగించిన దూత మాటకు మాత్రం వేలంపాటలో వెల లేదు. ముట్టడిలో ఆకలితో అలమటించిన ఖార్టూమ్ ప్రజల ఉత్తరాల కోసం ఏ సేకర్త వెతికాడు?

మన రచయితల లేఖలు సేకరించే విద్యార్థులు దీన్ని గుర్తుంచుకోవాలి. ఉత్తరం ఎవరికి, ఏ భయంలో, ఏ అవసరానికి రాసిందో తేల్చుకోవాలి. అదే తేదీన అదే చెయ్యి ఇంకేం రాసిందో వెతకాలి. కలం పట్టనివారి మాట ఎక్కడ నమోదైందో కూడా చూడాలి. అంతవరకూ మన చేతిలో ఉన్నది ఉత్తరం కాదు, ఉత్త సంతకమే.