హోంస్కూల్ పిల్లలకు విదేశీ భాష: డబ్బు కట్టే ముందు చూసుకోవాల్సినవి

మేం డాలస్ దగ్గర ఉంటాం. మూడేళ్లుగా మా పిల్లలిద్దరికీ నేనే ఇంట్లో చదువు చెబుతున్నాను. బాబుకి పన్నెండేళ్లు, పాపకి తొమ్మిది. తెలుగువాళ్లు నలుగురు కలిసిన చోటల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "లెక్కలు, సైన్సు అంటే నువ్వు చెబుతావు. మరి ఫారిన్ లాంగ్వేజ్ సంగతేంటి?" అని.

ఆ ప్రశ్నకు తొందరపడి జవాబు వెతికి, మొదటి ఏడాదే దాదాపు 400 డాలర్లు వృథా చేసుకున్నాం. నాది హెచ్-4 వీసా, ఇంట్లో ఒక్కటే జీతం. మాకది చిన్న మొత్తం కాదు. అలాంటి పొరపాటు ఇంకొకరు చేయకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు రూల్స్ సంగతి. టెక్సస్‌లో హోంస్కూల్‌ను ప్రైవేట్ స్కూల్‌గానే చూస్తారు. 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు దీన్ని ఖరారు చేసింది. చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరసత్వం... ఈ ఐదూ నేర్పితే చాలు. విదేశీ భాష తప్పనిసరి కాదు. మిగతా రాష్ట్రాల్లో రూల్స్ వేరు కాబట్టి మీ రాష్ట్రానివి చూసుకోండి. అయితే చాలా కాలేజీలు హైస్కూల్లో ఒకే విదేశీ భాషను కనీసం రెండేళ్లు చదివి ఉండాలంటాయి. కాలిఫోర్నియాలోని యూసీ, కాల్‌స్టేట్ యూనివర్సిటీల్లో ఇది అడ్మిషన్ షరతుల్లోనే ఉంది. కాబట్టి వదిలేయడానికి లేదు, అలాగని కంగారు పడనక్కర్లేదు.

మేం కంగారు పడ్డాం. "ఈ రోజే ఆఖరు" అన్న డిస్కౌంట్ చూసి ఒక పెద్ద స్పానిష్ ప్యాకేజీ కొన్నాం. పుస్తకాలు, వర్క్‌బుక్‌లు, ఆన్‌లైన్ పాఠాలు అన్నీ ఉన్నాయి. తీరా చూస్తే లాగిన్ ఒక్కరికే. పాపకు కావాలంటే మళ్లీ కొనాలి. పైగా పాఠాన్ని తల్లో తండ్రో దగ్గరుండి చెప్పాలి. నాకు స్పానిష్ ఒక్క ముక్క రాదు. బాబు ఒక మాట పలికి "కరెక్టేనా అమ్మా?" అంటే నేను తెల్లమొహం వేసేదాన్ని. మూడో నెలకి ఆ పెట్టె గరాజ్‌లో పై అరలోకి వెళ్లిపోయింది.

డబ్బు కన్నా బాధపెట్టింది వాడన్న మాట. "అమ్మా, నాకు లాంగ్వేజెస్ రావు" అన్నాడు. అదే ఏడాది ఖమ్మంలో ఉన్న మా అత్తగారితో ఫోన్లో ఇంగ్లిష్‌లో జవాబులివ్వడం మొదలుపెట్టాడు. ఆవిడకి సగం అర్థమయ్యేది కాదు. రెండింటికీ కారణం ఒకటేనని నాకు ఆలస్యంగా తట్టింది. ఆ పెట్టెకి వీడి జవాబుతో పనిలేదు. నానమ్మతో మాట్లాడేటప్పుడు వీడు ఇంగ్లిష్‌లో అన్నదాన్ని నేను పక్కనుంచి తెలుగులో చెప్పేస్తున్నాను. వీడి నోటి నుంచి ఆ భాష రావాల్సిన అవసరం ఎక్కడా లేదు. వినేవాళ్లు, బదులు చెప్పేవాళ్లు ఉంటేనే భాష వస్తుంది.

అక్కడి నుంచి లెక్క మార్చుకున్నాం. బదులు చెప్పే మనిషికి మాత్రమే డబ్బు ఖర్చు పెట్టాలి, మిగతాదంతా ఉచితంగా దొరికేదాంతో నడపాలి అనుకున్నాం.

ఉచితంగా దొరికేవి తక్కువేం కాదు. మ్యాంగో లాంగ్వేజెస్ అనే కోర్సును చాలా పబ్లిక్ లైబ్రరీలు కార్డున్న వాళ్లకు ఉచితంగా ఇస్తాయి. పిల్లలిద్దరికీ చెరో కార్డు తీసుకుంటే సరిపోయింది. డ్రీమింగ్ స్పానిష్ వాళ్ల ఉచిత వీడియోలు స్థాయిల వారీగా ఉంటాయి. డ్యులింగో ప్రకటనలతో ఉచితమే, కానీ అదొక్కటే సరిపోదు. బటన్లు నొక్కి పాయింట్లు తెచ్చుకోవడం వేరు, మాట్లాడటం వేరు.

డబ్బు పెట్టింది ఒక్క ఆన్‌లైన్ క్లాసుకే. వారానికి ఒకసారి ముప్పావు గంట, నలుగురు పిల్లలు, ఒక టీచరు. నెలకు 60 డాలర్లు. ప్రస్తుతానికి బాబు ఒక్కడికే. పాప లైబ్రరీ కోర్సు, వీడియోలతో సరిపెట్టుకుంటోంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క. 400 డాలర్ల ప్యాకేజీని మేం వాడింది మహా అయితే 25 గంటలు. అంటే గంటకు 16 డాలర్లు. ఇప్పుడు క్లాసు, లైబ్రరీ కోర్సు, వీడియోలు అన్నీ కలిపి బాబు నెలకు 13 గంటలు చదువుతున్నాడు. గంటకు ఐదు డాలర్ల లోపే పడుతోంది. కాబట్టి ప్యాకేజీ ధర చూడకండి, మీ పిల్లలు నిజంగా వాడే గంటకు ఎంత పడుతుందో చూడండి.

ఏ ప్రోగ్రామ్‌కైనా డబ్బు కట్టే ముందు ఇవి అడగండి. ఒక ఫీజుకి ఎంతమంది పిల్లలు వాడుకోవచ్చు? వర్క్‌బుక్‌లకు విడిగా కట్టాలా? భాష రాని తల్లిదండ్రులు నడపగలరా? ఉచిత ట్రయల్ ఎన్ని రోజులు, ఆ తర్వాత కార్డు నుంచి దానంతటదే డబ్బు పోతుందా? నచ్చకపోతే ఎన్నాళ్ల లోపు వాపసు ఇస్తారు? నేర్పేది లాటిన్ అమెరికా స్పానిషా, స్పెయిన్ స్పానిషా? మన చుట్టుపక్కల వినపడేది మొదటిదే.

పిల్లలు తొమ్మిదో తరగతికి వస్తుంటే గంటలు రాసి పెట్టుకోండి. ఒక క్రెడిట్‌కు 120 గంటలన్నది ఇక్కడ పాత లెక్క. 36 వారాలకు పంచితే వారానికి మూడు గంటల ఇరవై నిమిషాలు. ఇంట్లో ఇచ్చిన మార్కులను కాలేజీలు నమ్ముతాయా అన్న సందేహముంటే కాలేజ్ బోర్డ్ వారి క్లెప్ పరీక్ష ఉంది. స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ భాషల్లో రాయొచ్చు. కమ్యూనిటీ కాలేజీలో డ్యూయల్ క్రెడిట్ తీసుకోవడం ఇంకో దారి.

చాలామంది అడిగే మరో మాట, "తెలుగునే విదేశీ భాషగా చూపించొచ్చా?" అని. తెలుగుకు క్లెప్ గానీ, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్ష గానీ లేదు. కానీ అవాంట్ సంస్థ స్టాంప్ పరీక్ష తెలుగులో కూడా ఉంది. అందులో రాయడం, మాట్లాడటం చూస్తారు. ఇంట్లో మాట్లాడినంత మాత్రాన సరిపోదు, అక్షరాలు రావాలి. మీరు అనుకుంటున్న కాలేజీ దాన్ని ఒప్పుకుంటుందో లేదో ముందే మెయిల్ రాసి కనుక్కోండి.

మా ఇంట్లో తెలుగుకు పెట్టిన ఖర్చు సున్నా. వారానికి మూడు రోజులు, ఇక్కడ పిల్లలు పడుకోబోయే ముందు, అక్కడ ఖమ్మంలో తెల్లారే వేళకు, మా అత్తగారు ఫోన్లో ఒక కథ మొదలుపెట్టి సగంలో ఆపేస్తారు. మిగతా సగం తర్వాతి ఫోన్‌కి బాబు ఊహించి చెప్పాలి, తెలుగులోనే. నేను ఆ గదిలో ఉండకూడదని షరతు. మొదటి వారం వాడు తడబడుతుంటే వెళ్లి సాయం చేద్దామని ఎన్నిసార్లు అనిపించిందో. ఆగాను. ఇప్పుడు నానమ్మ కథ ముగింపు మార్చేస్తే ఒప్పుకోకుండా గొడవ పడుతున్నాడు.

స్పానిష్‌లో ఇంకా అంత దూరం రాలేదు. పోయిన నెల పార్కులో ఫుట్‌బాల్ ఆడుతున్న పిల్లల దగ్గరికి వెళ్లి, నేనూ ఆడొచ్చా అని స్పానిష్‌లో అడిగాడు. వాళ్లు వాడి ఉచ్చారణకి నవ్వి, ఎలా అనాలో చెప్పి, ఆటలో చేర్చుకున్నారు. ఇంటికొచ్చాక "నాకు రాదు" అనలేదు. "తప్పు పలికానమ్మా, ఇలా అనాలంట" అని నాకు నేర్పాడు.

గరాజ్‌లోని ఆ పెట్టెలో పుస్తకాలు మాత్రం కొత్తగానే ఉన్నాయి. దగ్గర్లో స్పానిష్ వచ్చిన అమ్మానాన్నలు ఎవరైనా ఉంటే ఉచితంగా ఇచ్చేస్తాను. లాగిన్ మాత్రం ఎప్పుడో అయిపోయింది.