డబ్ల్యుఎక్స్‌విడ్జెట్స్‌లో ఐచ్ఛిక చిత్రణ ఇంజన్లు

డబ్ల్యుఎక్స్‌విడ్జెట్స్ అనునది కంప్యూటరు ప్రోగ్రాములకు విండోలు, బటన్లు, మెనూలు మొదలైనవి సమకూర్చుటకు సీ ప్లస్ ప్లస్ భాషలో రాయబడిన ఓపెన్ సోర్స్ టూల్‌కిట్. 2006 డిసెంబరులో వెలువడిన 2.8 సంచికతో ఈ టూల్‌కిట్‌కు కొత్త చిత్రణ వ్యవస్థ ఒకటి చేర్చబడినది. దీని ద్వారా జీడీఐ ప్లస్, కోర్ గ్రాఫిక్స్, కైరో వంటి చిత్రణ ఇంజన్లను వాడుకొనవచ్చును. పాత పద్ధతిని తొలగించక, దాని పక్కనే, కోరినవారు మాత్రమే వాడుకొనునట్లు దీనిని అమర్చుట ఇందలి విశేషం. గీతలు, వంపులు, రంగులు, అక్షరాల వర్ణనను తీసుకొని, తెర మీది పిక్సెళ్ళుగా మార్చే సాఫ్టువేరు భాగాన్ని చిత్రణ ఇంజన్ అంటారు.

నేపథ్యం

ఈ టూల్‌కిట్‌ను 1992లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో జూలియన్ స్మార్ట్ ప్రారంభించాడు. యూనిక్స్ యంత్రాల మీద, మైక్రోసాఫ్ట్ విండోస్ మీద ఒకే ప్రోగ్రాము నడవవలసిన అవసరం అప్పుడు ఆయనకు కలిగినది. మొదట దీని పేరు డబ్ల్యుఎక్స్‌విండోస్. మైక్రోసాఫ్ట్ సంస్థ కోరిక మేరకు 2004లో ఇప్పటి పేరు పెట్టబడినది. ఆడాసిటీ, ఫైల్‌జిల్లా వంటి ప్రసిద్ధ ప్రోగ్రాములు దీనితో నిర్మించబడినవి. పైథాన్ భాషలో దీనిని వాడుకొనుటకు డబ్ల్యుఎక్స్‌పైథాన్ కలదు.

ప్రతి ఆపరేటింగ్ సిస్టం మీద అక్కడి సొంత బటన్లను, అక్కడి సొంత మెనూలను వాడుట ఈ టూల్‌కిట్ మూలసూత్రం. బొమ్మలు గీయుటకు కూడా ఇదే సూత్రం పాటించబడినది. డబ్ల్యుఎక్స్‌డీసీ అనే పాత చిత్రణ వ్యవస్థ విండోస్ మీద జీడీఐని వాడుకొనేది. ఇందులో స్థానాలు పూర్ణాంకాలలోనే చెప్పవలెను. ఏటవాలు గీతలు మెట్లు మెట్లుగా కనబడేవి. సగం పారదర్శకమైన రంగులకు తగిన ఏర్పాటు లేదు.

కొత్త ఇంజన్లు చేసే పని

కొత్త తరం ఇంజన్లు గీతల అంచులను నునుపు చేస్తాయి. ఒక గీత ఒక పిక్సెల్‌లో ఎంత భాగాన్ని కప్పినదో లెక్కించి, ఆ నిష్పత్తిలో రంగును కలుపుతాయి. ఉదాహరణకు తెల్లని నేపథ్యం మీద నల్లని గీత ఒక పిక్సెల్‌లో నాలుగవ వంతును కప్పినదనుకొందాం. తెలుపు విలువ 255 కాగా, ఆ పిక్సెల్ విలువ అందులో మూడు వంతులు, అనగా సుమారు 191 అగును. ఈ బూడిద రంగు వలన, కొంత దూరం నుండి చూచు కంటికి మెట్లు కనబడక గీత నునుపుగా తోచును. పారదర్శకత, రంగుల క్రమ మార్పు, దశాంశ స్థానాలు, బొమ్మను తిప్పుట, సాగదీయుట కూడా ఈ ఇంజన్లతో సులభమగును.

ఐచ్ఛికంగా చేర్చుటకు కారణం

కొత్త ఇంజన్ మెరుగైనది కనుక పాతదానిని తీసివేయవచ్చును గదా అన్న ప్రశ్న సహజమే. కానీ మెరుగైన బొమ్మ, మునుపటి బొమ్మ ఒకటే కావు. పట్టికలోని ఒక అడ్డగీతను తీసుకొందాం. ఒక పిక్సెల్ మందం గల గీతను 10వ స్థానంలో గీయమని పాత ప్రోగ్రాము కోరితే, పాత వ్యవస్థ ఒకే వరుస పిక్సెళ్ళను పూర్తిగా నలుపు చేసేది. కొత్త ఇంజన్‌కు 10 అనునది రెండు వరుసల నడుమ గల సరిహద్దు. కాబట్టి గీత 9.5 నుండి 10.5 వరకు పరచుకొని, రెండు వరుసలలోను సగం సగం పడును. ఫలితంగా సన్నని నల్లగీతకు బదులు రెండు పిక్సెళ్ళ మందంతో మసకబారిన బూడిద గీత కనబడును. దీనిని సరిచేయుటకు గీతను అర పిక్సెల్ జరపవలెను. ఇందుకు టూల్‌కిట్‌లో ప్రత్యేక సదుపాయం కలదు.

అప్పటికే పద్నాలుగేళ్ళుగా ఈ టూల్‌కిట్‌తో రాయబడిన ప్రోగ్రాములు అనేకం ఉన్నవి. వాటి రచయితలకు తెలియకుండా కింది ఇంజన్‌ను మార్చితే, వారు ఒక్క పంక్తి కూడా మార్చకపోయినను వారి బొమ్మలు మారిపోవును. అదనపు లైబ్రరీ పరిమాణం, వేగంలో తేడా, పాత యంత్రాల మీద అది దొరకకపోవుట మరికొన్ని కారణాలు. అందుచేత ఎంపికను ప్రోగ్రాము రాయువారికే వదిలిపెట్టిరి.

అమరిక

కొత్త వ్యవస్థకు ప్రధాన ద్వారం డబ్ల్యుఎక్స్‌గ్రాఫిక్స్‌కాంటెక్స్ట్ అనే తరగతి. గీయవలసిన ఆజ్ఞలు దీనికే ఇవ్వబడును. వెనుక ఏ ఇంజన్ పనిచేయునో నిర్ణయించునది డబ్ల్యుఎక్స్‌గ్రాఫిక్స్‌రెండరర్. ఎంపిక మూడు స్థాయులలో జరుగును.

మొదటిది, టూల్‌కిట్‌ను కంపైలు చేయు సమయం. ఏ ఇంజన్‌ను చేర్చవలెనో స్విచ్చుల ద్వారా తెలుపవచ్చును. విండోస్ మీద కైరోకు సంబంధించిన స్విచ్చి సాధారణంగా మూసి ఉండును. కావలసినవారు తెరువవలెను.

రెండవది, ప్రోగ్రాము నడుచు సమయం. విండోస్ మీద సాధారణ ఇంజన్ జీడీఐ ప్లస్. దానికి బదులు కైరోను పేరుపెట్టి అడుగవచ్చును. కంపైలు చేసినప్పుడు దానిని చేర్చకపోయి ఉంటే శూన్య సూచిక తిరిగివచ్చును. ప్రోగ్రాము దీనిని పరీక్షించి సాధారణ ఇంజన్‌కు మరలవచ్చును.

మూడవది, పాత ప్రోగ్రాములకు వంతెన. డబ్ల్యుఎక్స్‌జీసీడీసీ అనే తరగతి పైకి పాత వ్యవస్థ వలెనే ఉండి, లోపల కొత్త ఇంజన్‌తో గీయును. పాత కోడును తిరగరాయకుండా, ఫలితాన్ని చూచుకొంటూ మారుటకు ఇది తోడ్పడును.

ఇంజన్లు

జీడీఐ ప్లస్: 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చినది.

కోర్ గ్రాఫిక్స్: ఆపిల్ మాక్ కంప్యూటర్లకు చెందినది.

కైరో: కీత్ ప్యాకర్డ్, కార్ల్ వర్త్ 2003లో ప్రారంభించిన ఓపెన్ సోర్స్ ఇంజన్. దీని మొదటి పేరు ఎక్స్‌ఆర్. ఆ రెండు అక్షరాలను గ్రీకు లిపిలోని కై, రో అక్షరాలుగా చదువగా కైరో అయినది. ఇది తెరకే గాక పీడీఎఫ్, ఎస్‌వీజీ దస్త్రాలకు కూడా గీయగలదు. లినక్స్ మీద జీటీకే ప్లస్ టూల్‌కిట్ 2005లో తన 2.8 సంచికతో దీనిని స్వీకరించినది.

డైరెక్ట్2డీ: విండోస్ 7తో 2009లో వచ్చినది. గ్రాఫిక్స్ కార్డు శక్తిని వాడుకొనును. 2016లో వెలువడిన 3.1.0 సంచికతో డబ్ల్యుఎక్స్‌విడ్జెట్స్‌లో మరొక ఐచ్ఛిక ఇంజన్‌గా చేరినది. దీనిని చేర్చినప్పుడు పై ద్వారం మార్చవలసిన పని లేకపోయినది. తలుపు అదే, లోపలి పనివాడు మాత్రం వేరు.

తెలుగు లిపితో సంబంధం

చిత్రణ ఇంజన్ గీతలు గీయగలదే గాని, అన్ని లిపుల కూర్పు దానికి తెలియదు. స్త్రీ అనే మాట తెరపై ఒకే అక్షరంగా కనబడినను, యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అనే ఆరు సంకేతాల వరుస. ఏ హల్లు ఒత్తుగా మారవలెను, ఈత్వం ఎక్కడ చేరవలెను అన్నది నిర్ణయించి, తగిన ఆకారాలను ఎంచి ఇచ్చుట మరొక భాగం పని. లినక్స్ మీద ఈ పనిని పాంగో, దాని కింద హార్ఫ్‌బజ్ చేయును. కైరో వాటిని గీయును. కైరోకు పాఠ్యం చూపు సులభ పద్ధతి ఒకటి ఉన్నను, క్లిష్టమైన పాఠ్యానికి అది చాలదని కైరో పత్రాలే తెలుపుచున్నవి. కనుక తెలుగు చూపవలసిన ప్రోగ్రాములో ఇంజన్ మార్చునపుడు గీతల నునుపుతో పాటు ఒత్తులు, గుణింతాలు సరిగా పడుచున్నవో లేదో పరీక్షించుట అవసరం.

లాభనష్టాలు

ఐచ్ఛిక పద్ధతి వలన పాత ప్రోగ్రాములు చెడవు. కొత్తవి మెరుగైన బొమ్మలు చూపగలవు. అయితే ఒకే బొమ్మ వేర్వేరు ఇంజన్లలో కొద్ది తేడాతో రావచ్చును. టూల్‌కిట్‌ను నిర్వహించువారు ప్రతి మార్పును అన్ని ఇంజన్ల మీద పరీక్షించవలెను. దోషం కనబడినపుడు అది ఏ ఇంజన్‌లో పుట్టినదో మొదట తేల్చుకొనవలెను. స్విచ్చి మూసి ఉన్న భాగాన్ని వాడువారు తక్కువ కనుక అందులోని దోషాలు ఆలస్యంగా బయటపడును.

తరువాతి పరిణామం

2013లో వెలువడిన 3.0 సంచికలో జీటీకే 3కు మద్దతు చేరినది. జీటీకే 3లో చిత్రణ యావత్తు కైరో మీదనే ఆధారపడి ఉన్నది. అందుచేత అక్కడ డబ్ల్యుఎక్స్‌డీసీ సైతం లోపల కైరోతోనే గీయును. విండోస్ మీద కైరో నేటికీ ఐచ్ఛికమే. ఈ విధంగా ఒకే ఇంజన్ ఒక చోట కోరినవారికి దొరకు అదనపు సదుపాయం, మరొక చోట తప్పనిసరి పునాది.